సంచిలో సకినాలు... క్యూలో సహనం!

'అమ్మా, ఇంకెంతసేపు?'

'అయిపాయె బిడ్డా... దర్శనం కాంగనే జిలేబీ కొనిపెడ్త.'

వేములవాడ రాజన్న దర్శనానికి వరుసలో నిల్చున్నవాళ్లంతా ఈ మాట వినే ఉంటారు. అనే ఉంటారు కూడా! మామూలు సోమవారమే రద్దీ. ఇక శివరాత్రికో, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ముందో అయితే ఆ 'అయిపాయె' గంటలు సాగుతుంది. మేడారం వెళ్లేవాళ్లు ముందు రాజన్నను మొక్కడం ఆనవాయితీ మరి. కాసేపటికి పిల్లాడికి జిలేబీ మీద ఆశ సన్నగిల్లుతుంది. చెయ్యి అమ్మ సంచిలోకి వెళ్తుంది.

ఆ సంచిలో ఏముందో చూడండి. ఎప్పుడు తింటామో తెలియని ప్రయాణానికి ఏం కట్టుకోవాలో ఇక్కడి ఇల్లాళ్లకు బాగా తెలుసు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. చింతపండు పులుపున్న పులిహోర కొంత ఆగుతుంది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి చుట్టి, నూనెలో వేయించిన సకినాల్లో తడి ఉండదు కాబట్టి వారాలైనా పాడవ్వవు. పల్లీలు, శనగపప్పు వేసి గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి అయితే ఒక్క ముక్కకే కడుపు నిండుతుంది. విస్తరి అక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు. లైను కదిలితే మిగిలింది మళ్లీ సంచిలోకే.

సరే, పిల్లాడి సంగతి. 'వీడికి ఆత్రం ఎక్కువ' అనేస్తాం. నిజంగా ఆత్రమేనా?

అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది చిన్నారులను పరీక్షించి, ఫలితాలను 2013లో ప్రచురించింది. ముందుగా 'మంచి రంగులు తెస్తాం, ఆగండి' అన్నారు. సగం మందికి తెచ్చారు. మిగతావాళ్లకు 'లేవు' అని చేతులూపుకుంటూ వచ్చారు. తర్వాత ఒక్కొక్కరి ముందూ ఓ తీపి బిళ్ల పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబడటం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు మూడే నిమిషాలు!

చిన్న ప్రయోగమే. అయినా క్యూలో పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లికి పనికొచ్చేదే. రెండోది వస్తుందో రాదో తెలియనప్పుడు ఉన్నది తినేయడం తెలివి తక్కువేం కాదు కదా!

అందుకే, 'అయిపాయె' అనే బదులు 'ఆ మలుపు దాటినంక ఒక సకినం' అని చూడండి. మలుపు వాడికీ కనిపిస్తుంది. దాటగానే ఇచ్చేయండి. ఇక బయటికొచ్చాక బస్సు కోసం ఎంత తొందరున్నా సరే... ఆ జిలేబీ మరిచిపోకండి.