చెరువు చేపలలో జలగపురుగు



మొన్నటి వానకాలమున ఒక సంఘపు కాటా యొద్ద గంపెడు కొర్రమట్టలు దిగినవి. ఒకదానిని కోయగా కండలో జొన్నగింజలంత పసుపుపచ్చని బుడిపెలు కానవచ్చెను. కొనవచ్చిన యామె "చేపకు అమ్మవారు పోసినది" అని గంప ముట్టక వెడలిపోయెను. పట్టినవాడు విసిగి గంపనంతయు చెరువులోనే కుమ్మరించెను. అతని నష్టముకంటె ఆ కుమ్మరించుటయే నాకు విచారము కలిగించినది. మరుసటి యేటికి రోగమును విత్తినట్లే గదా!

అది అమ్మవారు కాదు. గొర్రెల కార్జములో పట్టు జలగను మీరెరుగుదురు. ఆకువలె పలుచనైన ఆ పురుగునకు ఇది దాయాది. శాస్త్రజ్ఞులు క్లైనోస్టోమమ్ అందురు. దీని పెద్దపురుగు చేపలో నుండదు, కొంగ గొంతులో కాపురముండును. కొంగ నీట ముక్కు ముంచినపుడు గుడ్లు జారిపడును. గుడ్డునుండి వెడలిన పిల్ల నత్తను వెదకి, దానిలో జొచ్చి, ఒకటి వేలై, తోకలతో ఈదుచు మరల బయటికి వచ్చును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును. దొరికినచో చర్మము తొలిచి లోపల గూడు కట్టుకొని, ఆ చేపను కొంగ మ్రింగువరకు వేచియుండును. గంపలో మనము చూచినది ఆ గూడే. వాలుగ గాలితిత్తిలో దళసరిగా కనబడునది వేరొక జాతి.

మాదాపురము, రాయదుర్గముల నడుమనున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు మంచినీరిచ్చినది. 2020 లో దానిపై తీగల వంతెన తెరచిరి. చుట్టును హైటెక్ సిటీ మేడలు లేచినవి. జనము పెరిగినకొలది ఆ దిక్కు చెరువులకు మురుగు చేరినది. మురుగుతో గుర్రపుడెక్క, నాచు పెరుగును. ఆ నీడన నత్తలు పెరుగును. చేపకై కొంగ రానే వచ్చును. ఇక పురుగునకు లోటేమి? అయితే ఒక్క రాత్రిలో చేపలన్నియు తేలినచో పురుగుపై నింద మోపరాదు. 2017 లో పటాన్‌చెరు చేరువ గండిగూడెం చెరువున గుట్టలుగా చేపలు చచ్చినది నీరు చెడినందువలననే.

బుడిపెలున్న చేపను తినవచ్చునా? బుడిపెలు తీసివేసి, ముల్లు వరకు ఉడికించి తినవచ్చును. ముక్క నడుమ 63 డిగ్రీల వేడి తగిలిన చాలును. తెర్లిన పులుసు అంతకంటె ఎంతో వేడి. ఉప్పు, పసుపు, నిమ్మరసము, చింతపులుసు పురుగును నమ్మదగినట్లు చంపవు. కట్టమీద ఎండుకట్టెలపై సగము కాల్చి తినుటయే అపాయము. జపాను, కొరియా దేశములలో పచ్చి మంచినీటి చేప తిన్నవారి గొంతున ఈ పురుగు పట్టిన సంగతులు వైద్యులు వ్రాసియున్నారు. థాయిలాండు, లావోసులలో మరియొక జాతి మనుష్యుని కార్జపు పైత్యనాళములలో చేరును. అది పుండుకాన్సరునకు హేతువని 1994 లో అంతర్జాతీయ పరిశోధక సంస్థ తేల్చినది.

మృగశిర కార్తెనాడు నాంపల్లిలో ఉబ్బసరోగులు మందు పెట్టిన కొర్రమీను పిల్లను సజీవముగా మ్రింగుదురు. ఆ మందు గుణదోషములు విచారించుట నా పని కాదు. కాని ఆ పిల్లలను నత్తలు లేని తొట్లలో పెంచినవారియొద్దనే కొనుట మేలు. చెరువులో పట్టినవి ఇయ్యరాదు. అటులే నగరపు భోజనశాలలలో పచ్చిచేప ముక్కల వంటకము, సుషీ యనునది, వాడుకకు వచ్చినది. దానికై మన చెరువు చేప నడిగినచో ఎంత వెల యిచ్చినను సంఘము ఒప్పుకొనరాదు.

కొంగలను కొట్టి లాభములేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము గూడ అడ్డువచ్చును. నత్తపైననే మన ఉపాయము. వేసవిలో చెరువు ఎండినచో నెఱ్ఱెలిచ్చువరకు ఎండనిచ్చి, సున్నము చల్లుడు. ఒడ్డు గడ్డి కోయుడు. చేప ప్రేగులను, రోగపు చేపలను నీటిలో వేయక గుంటలో పూడ్చుడు. మురుగు చేరు చెరువుగలవారు మాత్రము పిల్లలు వదలకముందే నీటిని పరీక్ష చేయించుకొనవలెను. ఉడికించిన పురుగు చచ్చును గాని, కార్ఖానాల నీటితో చేపలో చేరిన పాదరసము, సీసము ఎంత ఉడికించినను పోవు.