మంట పుట్టదు, మచ్చ మిగులుతుంది: పిల్లల చేతిలో లేజర్ లైటు

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో కంట్లో కారం పడితే ఎలా ఉంటుందో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి చెప్పనవసరం లేదు. కన్ను భగ్గుమంటుంది. పిల్లవాడు ఏడుస్తూ వస్తాడు. మీరు వెంటనే నీళ్లతో కడుగుతారు. కానీ ఏమాత్రం నొప్పి లేకుండా కంటిని కాల్చే వస్తువు ఒకటుంది. అదే ఆటబొమ్మగా కొనిచ్చే లేజర్ లైటు.

కంటిలో ఏమి జరుగుతుంది?

ఎండలో భూతద్దం పడితే కింద ఉన్న కాగితం కాలుతుంది. మన కన్ను కూడా అలాగే లేజర్ కిరణాన్ని సూదిమొనంత చుక్కగా చేర్చి, వెనుకనున్న రెటీనా పొరమీద వేస్తుంది. లైటు వైపు సూటిగా చూస్తే దెబ్బ తగిలేది రెటీనా నడిభాగానికి. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి ఆ భాగమే ఆధారం. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలినా మంట పుట్టదు.

అన్ని లైట్లూ ప్రమాదమేనా?

1 మిల్లీవాట్ లోపు లైటు పొరపాటున కంట్లో పడితే పావు సెకనులో రెప్ప మూసుకుని కాపాడుతుంది. పందెం కట్టి రెప్ప వేయకుండా చూస్తే ఆ రక్షణ ఉండదు. బాగా శక్తి గల లైట్లు రెప్ప పడేలోపే కాల్చగలవు. చవక లైట్ల మీద ముద్రించిన అంకెను నమ్మకండి. అద్దం మీద పడి తిరిగివచ్చే కిరణం కూడా ప్రమాదమే.

ఎలా గుర్తించాలి?

* చూసే చోట నడుమ మచ్చ కనబడడం
* తిన్నని గీతలు వంకరగా కనబడడం
* ఒక కన్ను మసకబారడం

తిడతారని పిల్లలు దాచిపెడతారు. నెమ్మదిగా అడగండి. ఒక్కో కన్ను మూసి, గళ్ల నోటుపుస్తకం చూపించండి.

ఏమి చేయాలి?

కడిగితే ప్రయోజనం లేదు. పసర్లు, చనుబాలు వేయకండి. రెటీనా పరీక్ష చేసే కంటి డాక్టరు వద్దకు వెంటనే తీసుకువెళ్లండి. ఆ లైటు కూడా వెంట తీసుకురండి. కొందరికి కొన్ని నెలల్లో చూపు కొంత మెరుగవుతుంది. కొందరికి మచ్చ జీవితాంతం ఉండిపోతుంది.

ఒక మాట: చక్కెర జబ్బు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి డాక్టరుగారు కొలత ప్రకారం చేసే లేజర్ చికిత్స వేరు. భయపడి దానిని మానుకోకండి.

తిరునాళ్లలో పిల్లవాడు లేజర్ లైటు కోసం మారాం చేస్తే మరో బొమ్మ కొనివ్వండి. ఈరోజు ఇంటికి వెళ్లగానే పిల్లల ఆటవస్తువులు ఒకసారి వెదకండి. చూపు దేవుడిచ్చిన వరం. దానిని కాపాడడం మన బాధ్యత.