కారు రేకు కొయ్యడానికి ఏ పనిముట్టు?

పాత కారులో వెనుక సీటు వెనకనుండే అరమీద స్పీకర్లు అమర్చుకోవాలని చాలామందికి ఉంటుంది. తీగలు కలపడం సులువే. కష్టమంతా ఆ ఇనుప రేకులో ఆరంగుళాల గుండ్రటి రంధ్రం చెయ్యడంలో ఉంది. ఇంట్లో హాక్సా ఉంటుంది, తెలిసిన వెల్డింగు షాపులో గ్రైండింగ్ మిషన్ దొరుకుతుంది. చేతికందిన దానితో పని మొదలుపెట్టేస్తారు. లోహం ఎలా తెగుతుందో తెలిస్తే, ఏ పనిముట్టు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో ముందే ఊహించవచ్చు.

గ్యాసు మంటతో కరిగించి కోసే పద్ధతిని పక్కన పెడితే, మిగిలినవి ముఖ్యంగా మూడు. కత్తెరలో రెండు అంచులు రేకును ఎదురెదురు దిశల్లో నొక్కుతాయి. అప్పుడు లోహపు పొరలు ఒకదానిమీద ఒకటి జారి విడిపోతాయి. రంపంలో ఒక్కొక్క పన్ను ఒక్కొక్క చిన్న ఉలి. అది లోహాన్ని కొద్దికొద్దిగా రజనుగా లేపుతుంది. ఇక గ్రైండింగ్ బిళ్ళలో వేలాది గరుకు రేణువులుంటాయి. ఉక్కును కోసే బిళ్ళల్లో ఇవి సాధారణంగా అల్యూమినియం ఆక్సైడువి. ఇవి లోహాన్ని గీరి గీరి అరగదీస్తాయి. ఏ పద్ధతిలోనైనా కోసేది, తెగేదానికంటే గట్టిగా ఉండాలి, కోత వేడిలో కూడా ఆ గట్టిదనం నిలవాలి.

మొదట హాక్సాను చూద్దాం. దీని బ్లేళ్ళు అంగుళానికి 14, 18, 24, 32 పళ్ళతో దొరుకుతాయి. కోస్తున్న లోహపు మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆని ఉండాలన్నది పనివాళ్ళ పాత సూత్రం. 32 పళ్ళ బ్లేడులో పన్నుకూ పన్నుకూ మధ్య దూరం 25.4ని 32తో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 0.8 మి.మీ. మూడు పళ్ళు ఆనాలంటే లోహం 2.4 మి.మీ. మందముండాలి. కారు పైరేకు మందం ఇంచుమించు 0.7 లేక 0.8 మి.మీ. మాత్రమే! రేకు రెండు పళ్ళ సందులో ఇరుక్కుంటుంది, బ్లేడు ఆగి ఆగి దూకుతుంది, చివరికి పన్ను విరుగుతుంది. బ్లేడును బాగా ఏటవాలుగా పట్టుకుంటే ఎక్కువ పళ్ళు ఆనుతాయి గానీ, రేకు మధ్యలో రంధ్రం చేసేటప్పుడు హాక్సా చట్రమే అడ్డొస్తుంది. స్పీకరు బిగించే 5 మి.మీ. ఇనుప పట్టీని కొయ్యడానికి మాత్రం దీన్ని మించింది లేదు. పళ్ళు ముందువైపు చూసేలా బ్లేడు బిగించి, నెట్టేటప్పుడు మాత్రమే బరువు వేసి, నిమిషానికి 40, 50 సార్లకు మించకుండా కోస్తే చాలు.

నాలుగంగుళాల చేతి గ్రైండరు సంగతి వేరు. దాని బిళ్ళ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. బిళ్ళ చుట్టుకొలత 0.314 మీటర్లు కనుక, అంచు వేగం సెకనుకు 57 మీటర్ల పైన, అంటే గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. బిళ్ళ మీద ముద్రించి ఉండే గరిష్ఠ వేగం సాధారణంగా సెకనుకు 80 మీటర్లు. ఇంతవరకు బాగానే ఉంది. కొందరు లోతుగా తెగుతుందని రక్షక కవచం ఊడదీసి, ఇదే మిషనుకు ఏడంగుళాల బిళ్ళ తగిలిస్తారు. అప్పుడు అంచు వేగం సెకనుకు 103 మీటర్లవుతుంది. తిరిగే బిళ్ళను చీల్చాలని చూసే ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కన అది అనుమతించిన దానికి 1.6 రెట్లకు పైనే. బిళ్ళ పగిలితే ముక్కలు దాదాపు అదే వేగంతో ముఖం మీదికి వస్తాయి. కొయ్యను కోసే పళ్ళ చక్రాన్ని దీనికి బిగించడం ఇంకా ఘోరం.

మన గుండ్రటి రంధ్రానికి గ్రైండరు అసలే తగదు. బిళ్ళ తిన్నగా పోతుంది, వంపు తిప్పబోతే కోతలో బిగుసుకుని ఎదురుతన్నుతుంది. పైగా నిప్పురవ్వలు మండుతున్న ఇనుప రేణువులు. అవి కారు అద్దంలో అతుక్కుని గుంటలు చేస్తాయి, రంగు మీద పడినచోట కొన్నాళ్ళకు తుప్పు చుక్కలు తేలుతాయి.

డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం తీగలు దూర్చే చిన్న రంధ్రాలకు బాగుంటుంది. హైస్పీడ్ స్టీలు పళ్ళు మెత్తని ఉక్కును నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కొయ్యాలి. 50 మి.మీ. రంపమైతే ఆ వేగానికి నిమిషానికి 190 చుట్లు చాలు. వేగం తగ్గించే వీలులేక 2,500 చుట్లు తిరిగే డ్రిల్లుకు దాన్ని బిగిస్తే పళ్ళు నిమిషంలో మాడిపోతాయి. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే అమెరికన్లు తమ కొత్త ఉక్కు పనిముట్టు ఎర్రగా కాలుతూ కూడా లోహాన్ని కోస్తుంటే చూపించి అందరినీ ఆశ్చర్యపరిచారు. హైస్పీడ్ స్టీలుకు నాంది అదే. దానికీ ఒక హద్దుంది, 600 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడుతుంది.

స్పీకరు రంధ్రానికి నా ఓటు రేకు కత్తెరకే. పసుపు పిడిది తిన్నగా, ఎర్ర పిడిది ఎడమకు, ఆకుపచ్చ పిడిది కుడికి వంపు తిరుగుతూ కోస్తాయి. గీసిన వృత్తం లోపల డ్రిల్లుతో కత్తెర మొన పట్టేంత రంధ్రం చేసి, అక్కడి నుంచి నత్తగుల్ల చుట్టులా గీత వరకు రావాలి. చేతులు నొప్పి పుడతాయి, నిజమే. కరెంటు జిగ్సా అయితే పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ దాని బ్లేడు రేకు కింద కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. కింద ఏముందో చూశారా?

చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక భాగంలోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదం, లోపలి ఆవిరికి గాలి తోడవుతుంది. ట్యాంకు, దాని గొట్టాలు ఉన్న వైపు గ్రైండరు, గ్యాసు మంట వద్దే వద్దు. బ్యాటరీ నెగిటివ్ తీగను ముందే విప్పాలి. కళ్ళద్దాలు, తోలు చేతొడుగులు తప్పనిసరి. తిరిగే డ్రిల్లు దగ్గర మాత్రం చేతొడుగులు తీసెయ్యాలి, అవి చుట్టుకుని వేళ్ళను లాగేస్తాయి.

పైకప్పును మోసే స్తంభాల జోలికి అసలు పోకూడదు. ఇటీవలి చాలా కార్లలో వీటికి చదరపు మిల్లీమీటరుకు 1,500 న్యూటన్ల బలాన్ని తట్టుకునే బోరాన్ ఉక్కు వాడుతున్నారు, మామూలు డ్రిల్లు దాని మీద జారిపోతుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగులు కూడా ఆ స్తంభాల పక్కనే దాగి ఉంటాయి. తయారీదారు నిర్దేశించిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

తెగిన అంచున ముళ్ళలా మిగిలే మొనలను ఆకురాయితో రుద్ది, వెంటనే జింకు ప్రైమరు పూయాలి. కత్తెరకు ఇక్కడ కూడా ఒక లాభముంది. చాలా కార్ల రేకులకు జింకు పూత ఉంటుంది. కోత చల్లగా జరిగితే పక్కనున్న జింకు తాను కరిగిపోతూ బయటపడ్డ ఉక్కును కొంత కాపాడుతుంది. జింకు 419 డిగ్రీల వద్ద కరిగి, 907 డిగ్రీల వద్ద ఆవిరవుతుంది. గ్రైండరు వేడికి అంచు దగ్గరి పూత దెబ్బతిని, తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది.