ఇత్తడి మెఱుగు - ద్రావకపు ముప్పు

సంక్రాంతి సమీపించినంతనే మన ఉద్దనపల్లి ఇండ్లలో అటకమీది ఇత్తడి బిందెలును, దీపపు కుందులును క్రిందికి దిగును. చింతపండుతో తోముట పెద్దల పద్ధతి. అందలి పులుపు టార్టారిక్ ఆమ్లము; అది కిలుమును మెల్లగా కరగించును, చేతిని కాల్చదు. ఇప్పుడు కొందఱు శ్రమ తగ్గునని అంగడినుండి ఘాటైన ద్రావకమును తెచ్చుచున్నారు. దానిని గూర్చియే మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మరుగుదొడ్లు కడుగు ద్రావకములలో తఱచుగా నుండునది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. దాని ఆవిరి కండ్లను, గొంతును మండించును. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. ఆమ్లము తుత్తునాగమును తినివేయుటచే పాత్ర ఎఱ్ఱబారును. పోయినది మెఱుగు కాదు, పాత్రయే! నత్రికామ్లము మఱింత చెడ్డది. రాగిని తాకగానే గోధుమవన్నె పొగ లేచును. పీల్చినవారు అప్పటికి బాగుగనే యుండి, కొన్ని గంటల పిమ్మట ఊపిరాడక ఆసుపత్రి పాలగుట కలదు.

బ్లీచింగు పొడితో ఆమ్లము కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. 1915లో బెల్జియములోని ఈప్ర్ యుద్ధభూమిలో సైనికులపై విడిచినది ఈ వాయువే.

ద్రావకమును సోడాసీసాలో పోసియుంచుట అన్నిటికంటె అవివేకము. దప్పిగొన్న బిడ్డకు సీసాయే కనబడును. త్రాగినచో వాంతి చేయింపరాదు. పైకి వచ్చునపుడు గొంతు మరల కాలును. నోరు కడిగి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఒంటిపై గాని కంటిలో గాని పడినచో, తడిసిన బట్టలు తీసివేసి 20 నిమిషములు ధారగా నీరు పోయవలెను. సున్నము, సోడా పూయరాదు.

18 ఏండ్లు నిండనివారికి ఆమ్లము అమ్మరాదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. కావున బిడ్డలను దానికై అంగడికి పంపరాదు. కిలుము మొండిదైనచో చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి, కొంతసేపు పూసియుంచి తోమిన చాలును.