మంచినీటి స్పంజిక యూనాపియస్ కార్టెరి: స్వరూపం, విస్తరణ

స్పంజికలలో అధికభాగం సముద్రవాసులే అయినా కొన్ని జాతులు చెరువులలో, కాలువలలో జీవిస్తాయి. భారతదేశంలో విస్తృతంగా కనిపించే అటువంటి జాతి యూనాపియస్ కార్టెరి. 1849లో బొంబాయి మంచినీటి స్పంజికలను వర్ణించిన హెచ్.జె. కార్టర్ పేరిట 1863లో బోవర్‌బ్యాంక్ దీనికి నామకరణం చేశాడు.

రాళ్లు, మునిగిన కొయ్యలు, తూము గోడలపై ఇది గుండ్రని ముద్దలుగా పెరుగుతుంది. ఉపరితలంపై నీరు వెలువడే పెద్ద రంధ్రాలు కంటికి కనిపిస్తాయి. నీడలో బూడిదరంగులోను, వెలుతురులో శైవలాల వలన ఆకుపచ్చగాను ఉండుటచేత దీనిని పాచిగా పొరబడవచ్చు. సూక్ష్మదర్శినిలో, రెండు కొనలూ మొనదేలిన నున్నని సిలికా కంటకాలు ఆ సందేహాన్ని తీరుస్తాయి.

నీరు ఇంకితే ముద్ద ఎండి నశిస్తుంది. కాని దానిలోని జెమ్యూళ్లు సజీవంగా నిలుస్తాయి. గాలిగదుల పొర కప్పిన ఈ సూక్ష్మ గోళాలు తేలికగా ఉండి నీటితో, గాలితో వ్యాపిస్తాయి. మరల నీరు చేరినపుడు కొత్త స్పంజికలుగా ఎదుగుతాయి. దక్షిణాసియాతో పాటు ఆఫ్రికా, తూర్పు ఐరోపాలలోనూ ఈ జాతి నమోదైంది.

అశ్వారావుపేట ప్రాంతపు ఆయిల్‌పామ్ తోటలకు ఈ విషయం ముఖ్యం. మంచినీటి స్పంజికలు గొట్టాలలో, వడపోత సాధనాలలో పెరిగితే ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. అందుచేత నీటితొట్టిని ఎండబెట్టినంత మాత్రాన చాలదు. ఎండిన పొరను తడిపి, గీకి తీసి పాతిపెట్టాలి. కంటకాలు చర్మానికి దురద, కంటికి గాయం కలిగిస్తాయి గనుక చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. చెరువులో మాత్రం ఇది నీటిలోని బాక్టీరియాను వడపోసి ఆహారంగా గ్రహిస్తుంది. అక్కడ దీనిని తొలగించనవసరం లేదు.