అరవై డిగ్రీల మలుపు

తూటా పేలే గదీ, గుండు దూసుకుపోయే గొట్టమూ ఒకే ఉక్కు ముక్కలో ఉండడం తుపాకుల్లో సాధారణమైన ఏర్పాటు కాగా, రివాల్వర్‌లో మాత్రం ఆ రెండూ వేరువేరు ముక్కలు. ఆరు గదులు తొలిచిన గుండ్రటి ఉక్కు దిమ్మ, అంటే సిలిండర్, బ్యారెల్ వెనుక తిరుగుతూ ప్రతి పేలుడుకూ ఒక కొత్త గదిని తెచ్చి గొట్టానికి ఎదురుగా నిలబెడుతుంది. ఆ నిలబెట్టడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గుండు గొట్టం అంచును ఒరుసుకుంటూ పోతుంది. దాదాపు రెండు శతాబ్దాల రివాల్వర్ చరిత్రలో చాలాభాగం ఈ రెండు ముక్కల పొత్తు కుదర్చడానికి మనిషి పడిన పాట్ల చరిత్రే. చేతులు మారిన పాత రివాల్వర్‌ను కొనేముందు చేసే పరీక్షలను ఒక్కొక్కటిగా తరచి చూస్తే, అవి ఆ చరిత్రలోని ఒక్కో మజిలీని తడిమి చూడడమేనని తెలుస్తుంది.

తిరిగే సిలిండర్ ఆలోచన శామ్యూల్ కోల్ట్‌తో మొదలైనది కాదు. ఎలీషా కోలియర్ అనే అమెరికన్ 1818లోనే ఇంగ్లండులో చెకుముకి రాతితో పేలే రివాల్వర్‌కు పేటెంటు పొందాడు; అయితే అలా తయారైన తుపాకుల్లో చాలావాటికి ప్రతి పేలుడు తర్వాతా సిలిండర్‌ను చేత్తో తిప్పుకోవలసి వచ్చేది. 1830లో 16 ఏళ్ల కోల్ట్ కోర్వో అనే ఓడలో పనికి కుదిరి బోస్టన్ నుంచి కలకత్తాకు ప్రయాణించాడు. ఓడలో తిరిగి ఆగే చక్రం తీరు చూసి తనకు ఆలోచన తట్టిందనీ, ఆ ప్రయాణంలోనే కొయ్యతో నమూనా చెక్కాననీ ఆయన తర్వాతికాలంలో చెప్పుకున్నాడు. 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో ఆయనకు దక్కిన పేటెంటులోని అసలు సారం ఏమిటంటే, తూటాను పేల్చే సుత్తిని, అంటే హ్యామర్‌ను, బొటనవేలితో వెనక్కి లాగే ఒక్క కదలికతోనే సిలిండర్ తిరగడమూ, సరైన చోట తాళం పడడమూ జరిగిపోవడం.

ఈ ఏర్పాటులో మూడు చిన్న ముక్కలు ముఖ్యం. సిలిండర్ వెనుక ముఖాన రంపపు పళ్ల వంటి పళ్లున్న రాట్చెట్ ఉంటుంది. హ్యామర్ వెనక్కి వస్తుంటే, ‘హ్యాండ్’ అని పిలిచే సన్నటి ఉక్కు పుల్ల పైకి లేచి ఆ పళ్లలో ఒకదాన్ని నెట్టి, ఆరు గదుల సిలిండర్‌ను సరిగ్గా 60 డిగ్రీలు తిప్పుతుంది. అడుగున స్ప్రింగ్ ఒత్తిడితో పొంచి ఉన్న బోల్టు, సిలిండర్ ఒంటి మీది గాడిలోకి టక్కున ఎక్కి దాన్ని కదలకుండా పట్టేస్తుంది. ప్యాటర్సన్‌లో కోల్ట్ పెట్టిన మొదటి కర్మాగారం 1842లో మూతపడింది. మెక్సికో యుద్ధ సమయంలో కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో రూపొందిన 1847 నాటి బరువైన రివాల్వర్‌కు వెయ్యి తుపాకుల సైనిక ఆర్డరు వచ్చాకగానీ ఆ వ్యాపారం నిలదొక్కుకోలేదు. వ్యాపారం పడిలేచినా, ఆ మూడు ముక్కల పొందిక మాత్రం మౌలికంగా నేటికీ అదే.

తర్వాతి పెద్ద మలుపు 1855లో రోలిన్ వైట్ పొందిన పేటెంటు. అంతవరకు సిలిండర్ గదులకు వెనుకవైపు మూత ఉండేది; మందునూ గుండునూ ముందువైపు నుంచి కూరి, పేల్చే క్యాపును వెనుక తగిలించేవారు. గదిని ఆ చివర నుంచి ఈ చివరకు తొలిచేస్తే మందు, గుండు, క్యాపు మూడూ ఒకే లోహపు తొడుగులో అమరిన తూటాను వెనుక నుంచి దించవచ్చు. ఆ హక్కును స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ తీసుకుని, ఒక్కో తుపాకీకి 25 సెంట్ల రాయల్టీ మీద 1857లో తన మొదటి రివాల్వర్‌ను తెచ్చింది. పేటెంటు గడువు 1869లో తీరాక మిగతా తయారీదారులందరూ అదే దారి పట్టారు.

పాత రివాల్వర్ పరీక్షకు మచ్చుగా తీసుకోదగినది అదే సంస్థ 1899లో తెచ్చిన .38 మిలిటరీ అండ్ పోలీస్. 1957 నుంచి మోడల్ 10 పేరుతో సాగిన ఈ తుపాకీ 60 లక్షలకు పైగా తయారైంది. 1980ల నుంచి అమెరికా పోలీసు శాఖలు పిస్తోళ్లకు మారడంతో ఇవి పెద్దసంఖ్యలో పాత తుపాకుల అంగళ్లకు చేరాయి. వాటి స్థితిలో ఒక విశేషం ఉంది: ఏళ్ల తరబడి నడుముకు వేలాడి, తోలు ఒరలోకి దిగుతూ తేలుతూ బ్యారెల్ మూతి దగ్గరా సిలిండర్ అంచుల మీదా నీలిపూత చెరిగిపోయి ఉన్నా, వాటిలో చాలావాటిని పేల్చింది తక్కువ కనుక లోపలి యంత్రం కొత్తదానిలా ఉంటుంది. పైమెరుగు పెట్టి కొత్త నీలిపూత వేసిన తుపాకీ దీనికి సరిగ్గా ఎదురు. అక్షరాల అంచులు మసకబారి, మరల తలలు చెదిరి, చదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రమై కనిపిస్తే, అనుభవం లేని చేతులు దాన్ని విప్పాయని అనుమానించాలి. పైపూత చూసి ధర కట్టడం కొనేవారు చేసే పొరపాట్లలో అతి పెద్దది.

పరీక్ష ఏదైనా, సిలిండర్‌ను బయటికి తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తర్వాతే మొదలుకావాలి. అమ్మేవాడు ఒకసారి చూపించినా కొనేవాడు మళ్లీ చూడాలి. మొట్టమొదట చూడవలసింది కోల్ట్ నాటి మూడు ముక్కల పొందికనే. సిలిండర్ పక్కన బొటనవేలు కొద్దిగా ఆనించి, దాని పరుగుకు అడ్డుపడుతూ, హ్యామర్‌ను మెల్లమెల్లగా వెనక్కి తీయాలి: హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి నిలిచేలోపే బోల్టు గాడిలో పడిన ‘టిక్’ చప్పుడు వినిపిస్తే యంత్రం సమయానికి పనిచేస్తున్నట్టు. హ్యామర్ నిలిచాక కూడా సిలిండర్‌ను వేలితో కాస్త తోస్తేగానీ తాళం పడకపోతే, హ్యాండ్ గానీ రాట్చెట్ పన్ను గానీ అరిగిందని అర్థం. రాట్చెట్ పళ్లు ఒక్కోటి ఒక్కో తీరున అరుగుతాయి కనుక ఒక గదితో సరిపెట్టుకోకుండా ఆరింటికీ ఈ పరీక్ష చేయాలి. ఇంకొక సూక్ష్మం ఏమిటంటే, ఖాళీ సిలిండర్‌లో రాట్చెట్ ఉన్న నక్షత్రాకారపు బిళ్ల కొద్దిగా ఊగి, లేని లోపాన్ని ఉన్నట్టు చూపవచ్చు. గదుల్లో డమ్మీ తూటాలు నింపి చూస్తే ఆ భ్రమ తొలగిపోతుంది.

రెండవది సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్యనుండే సందు. అది అసలు లేకపోతే సిలిండర్ తిరగదు, ఎక్కువైతే మంటా వాయువూ పక్కలకు చిమ్ముతాయి. కారు టైరులో 30 పౌండ్ల చుట్టూ గాలి ఉంటే, .38 స్పెషల్ తూటా లోపల చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల వరకు, .357 మ్యాగ్నమ్‌లో 35,000 పౌండ్ల వరకు ఒత్తిడి పుడుతుందని గుర్తుంచుకుంటే ఆ సన్నని సందు విలువ తెలుస్తుంది. రష్యా సైన్యం 1895లో స్వీకరించిన నాగాంత్ రివాల్వర్‌లో సిలిండర్ మొత్తం ముందుకు జరిగి బ్యారెల్‌కు అతుక్కుని ఈ సందును మూసేసేది. ఎంతో తెలివైన ఏర్పాటే అయినా, ఆ జరుపుడు భారమంతా ట్రిగ్గర్ లాగే వేలి మీద పడడంతో ఇతరులు దాన్ని పెద్దగా అనుసరించలేదు. మామూలు రివాల్వర్‌లో ఈ సందు అంగుళంలో వెయ్యింట నాలుగు నుంచి ఎనిమిది వంతులు ఉంటే మంచిది, పది దాటితే బేరం గురించి మళ్లీ ఆలోచించాలి. మోటారు మెకానిక్కులు ట్యాపెట్లు సరిచేయడానికి వాడే ఫీలర్ గేజ్ రేకులే ఈ కొలతకూ చాలు. సిలిండర్‌ను ముందుకు నెట్టి ఒకసారి, వెనక్కి నెట్టి ఒకసారి కొలిస్తే, రెండు కొలతల తేడా దాని ముందువెనుకల ఊపును చెబుతుంది. ఆ తేడా వెయ్యింట రెండు మూడు వంతులు దాటితే పలుచని ఉక్కు వాషర్లతో సరిచేయించవలసిన పని ఉన్నట్టు లెక్క.

సందుకు అవతల, బ్యారెల్ వెనుక అంచున గరాటులాంటి నోరు ఉంటుంది. సిలిండర్ నుంచి దూకే గుండును గొట్టంలోకి మళ్లించే ఈ భాగాన్ని ఫోర్సింగ్ కోన్ అంటారు. .38 తుపాకుల్లో ఇది తరాలపాటు నిలుస్తుంది. మిలిటరీ అండ్ పోలీస్ చట్రం పరిమాణంలోనే .357 తూటాకు 1955లో తెచ్చిన కంబాట్ మ్యాగ్నమ్‌లో మాత్రం సిలిండర్ ఇరుసుకు చోటివ్వడానికి దీని అడుగుభాగాన్ని చదునుగా కోయవలసి వచ్చింది. తేలికపాటి గుండ్లున్న వేగమైన తూటాలు అదేపనిగా పేల్చిన తుపాకుల్లో ఆ పలుచని చోటే పగుళ్లు వచ్చేవి. ఆ చోటును శుభ్రంగా తుడిచి, చిన్న టార్చి వేసి భూతద్దంతో చూడని కొనుగోలు తొందరపాటు కిందే లెక్క. గొట్టం లోపల వెలుగు పడినప్పుడు నల్లటి ఉంగరంలా నీడ కనిపిస్తే, ఎప్పుడో ఒక గుండు మధ్యలో ఇరుక్కుని, దాని వెనుక మరొకటి వచ్చి గుద్ది గొట్టం ఉబ్బిందని గ్రహించాలి.

సిలిండర్‌ను పక్కకు తెరిచే చేతిని క్రేన్ అంటారు. సినిమాల్లో కథానాయకుడు మణికట్టు విదిలించి సిలిండర్‌ను ఠపీమని మూసే దృశ్యం ఎన్ని రివాల్వర్ల క్రేన్లను వంచిందో! మెల్లగా మూసినప్పుడు క్రేన్‌కూ చట్రానికీ మధ్య సందు కనిపిస్తే అది వంగినట్టే.

చివరిది ప్రాణానికి సంబంధించినది. ఖాళీ తుపాకీ హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి తీసి నిలిపి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో వెనుక నుంచి నెట్టినప్పుడు అది జారి పడితే, ఆ తుపాకీని అక్కడే వదిలేయాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విక్టరీ మోడల్ పేరుతో తయారైన మిలిటరీ అండ్ పోలీస్ ఒకటి 1944లో అమెరికా నౌకలో కిందపడి పేలి ఒక నావికుడిని బలిగొంది. గట్టిపడిన గ్రీజు వల్ల లోపలి అడ్డుబిళ్ల కదలకపోవడమే కారణంగా తేలి, స్ప్రింగ్ మీద ఆధారపడని కొత్త అడ్డుబిళ్లను కంపెనీ రూపొందించింది. అందుకే ఆ తరం తుపాకుల్లో నంబరు ముందు ఉత్త ‘వి’ ఉన్నదానికంటే ‘ఎస్‌వి’ ఉన్నది నమ్మదగినది.

భారతదేశంలో పాత రివాల్వర్ కొనుగోలు 1959 నాటి ఆయుధాల చట్టం హద్దుల్లో సాగుతుంది. లైసెన్సు ఉన్న వ్యక్తి తన తుపాకీని మరొక అర్హుడికి అమ్మదలిస్తే, జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరలోని పోలీసు స్టేషను అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. మామూలు లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది .32 రివాల్వర్, వాటిలో కాన్పూర్‌లో తయారైన నిర్భీక్ వంటివి వెబ్లీ తరహాలో నడుము దగ్గర మడిచి తెరిచేవి కనుక, క్రేన్‌కు బదులు మడతబందు మేకునూ, పైన పట్టి ఉంచే గొళ్లేన్నీ ఊపి చూడాలి. లైసెన్సులో నమోదయ్యే నంబరును చట్రం మీది నంబరుతో సరిపోల్చుకోవడం తప్పనిసరి. మిలిటరీ అండ్ పోలీస్ వంటి పాత స్మిత్ అండ్ వెస్సన్ తుపాకుల్లో అదే నంబరును సిలిండర్ వెనుక ముఖానా, బ్యారెల్ అడుగునా కూడా వెతకాలి. సిలిండర్ నంబరు వేరైతే అది మరో తుపాకీ నుంచి తెచ్చి తగిలించినది. అప్పుడు హ్యామర్‌ను మళ్లీ మెల్లగా వెనక్కి తీస్తూ, ఆరు గదులకూ ఆ ‘టిక్’ చప్పుడు కోసం మొదటి నుంచి వినవలసిందే.