ట్రాక్టరు వెనుక మూడు కడ్డీలు

గ్రానైటు ఒక్క ఘనపు మీటరు దాదాపు 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి, చూడటానికి చిన్నదనిపించే బండను కదిలించడానికి కూడా మనిషి ప్రాచీన కాలం నుంచి గడ్డపారను, దొర్లుడు దుంగలను, కప్పీలను ఆశ్రయించాడు. ఈ పరంపరలో ఇరవయ్యో శతాబ్దం చేర్చిన గొప్ప సాధనం త్రీ పాయింట్ లింకేజి, అంటే కింద రెండు, పైన ఒకటిగా త్రికోణంలో అమరి, పనిముట్టును ట్రాక్టరుకు గట్టిగా జతచేసే మూడు కడ్డీల ఏర్పాటు. నేడు రాళ్లను ఎత్తుతున్న ఈ ఏర్పాటు పుట్టింది మాత్రం దుక్కి కోసం.

తొలి ట్రాక్టర్లు నాగలిని వెనుక కొక్కేనికి తగిలించి లాగేవి. నాగలి మొన భూమిలోని రాయికి తగిలి నిలిచిపోతే, వెనుక చక్రాలు ముందుకు కదలలేక, ఇంజను బలం ట్రాక్టరు ముందు భాగాన్నే పైకి లేపేది. అలా బండి వెనక్కి తిరగబడి నడిపేవారు మరణించిన సందర్భాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐర్లండులో యాంత్రిక సేద్యాన్ని మెరుగుపరిచే పనిలో పాల్గొన్న హ్యారీ ఫెర్గూసన్, నాగలిపై నేల చూపే నిరోధం పై కడ్డీ ద్వారా ముందుకు తోసి ట్రాక్టరు ముందు భాగాన్ని అణచిపెట్టేలా, నాగలి భారం వెనుక చక్రాలకు పట్టునిచ్చేలా ఈ అమరికను తీర్చిదిద్దాడు.

కడ్డీలను ఎత్తే బలం నూనె పీడనానిది. ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అంతటా సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ వివరించగా, ఆ సూత్రంతో పనిచేసే హైడ్రాలిక్ ప్రెస్‌కు జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందాడు. 1 చదరపు సెంటీమీటరు పిస్టనుపై ప్రయోగించిన బలం 50 చదరపు సెంటీమీటర్ల పిస్టను వద్ద 50 రెట్లవుతుంది, దానికి బదులుగా పెద్ద పిస్టను కదిలే దూరం అన్ని రెట్లు తగ్గుతుంది. ఈ హైడ్రాలిక్ విధానంతో ఫెర్గూసన్ 1933లో నమూనా ట్రాక్టరును నిర్మించాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో నోటిమాటగా కుదిరిన ఒప్పందం ఫలితంగా 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు వెలువడింది. ఆ తరువాత 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీ నుంచి ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరు వచ్చింది. ఆ వారసత్వాన్ని కొనసాగించిన మాసే ఫెర్గూసన్ సంస్థ సహకారంతో 1960లో మద్రాసులో ట్రాక్టర్ల తయారీ సంస్థ టాఫే ఏర్పడింది.

మూడు కడ్డీలకు పొడవైన ఉక్కు దూలాన్ని బిగించి, దాని కొస నుంచి గొలుసును, రాతి పట్టకారును వేలాడదీస్తే ట్రాక్టరే చిన్న క్రేనవుతుంది. పట్టకారు దవడలను రాయి తన బరువుతోనే మరింత బిగిస్తుంది. అయితే దుక్కిలో ముందు భాగాన్ని అణచిన బలం ఇక్కడ ఉండదు. ఇరుసుల మధ్య 2 మీటర్ల దూరమున్న ట్రాక్టరు, వెనుక ఇరుసుకు 1 మీటరు అవతల 400 కిలోల రాయిని మోస్తే, ముందు చక్రాలపై 200 కిలోల భారం తగ్గి, ఆ మేరకు స్టీరింగు పట్టు సడలుతుంది. అందుకే ముందు వైపు దిమ్మెలు బిగించి, రాయిని నేలకు దగ్గరగా ఉంచి, మెల్లగా నడపాలి. ఎత్తిన రాయి కింద ఎవరూ నిలబడకూడదు. ఎంత రాయిని మోయవచ్చో నూనె పీడనం ఒక్కటే చెప్పలేదు, ముందు చక్రాలపై మిగిలే భారాన్ని కూడా లెక్కగట్టిన తరువాతే ఆ నిర్ణయం తీసుకోవాలి.